కోనసీమ రేవులు

మోటారు కారులో ప్రయాణము చేయదలచినవారు సాధారణముగా రెండే ప్రశ్నలు వేయుదురు: దూరమెంత, బాట యెట్లున్నది అని. కోనసీమ సముద్రతీరమునకు పోవువారికి మూడవ ప్రశ్న యొకటి కలదు. "పంటు ఉందాండి?" అని అచ్చటి జనులు రేవు చేరకమునుపే ఎదురుపడిన వారినెల్ల అడుగుచుందురు. దీనికి బదులు దొరకువరకు తక్కిన రెండు ప్రశ్నలకును విలువ లేదు. ఎదుటి గట్టు కంటికి కనబడుచునే యుండును. దానిని చేరుటకు పావుగంట పట్టునో, పూట పట్టునో నది చెప్పవలసినదే గాని మన గడియారము చెప్పజాలదు. కారును పంటును కలిసి చేయు ఈ ప్రయాణ మెట్టిదో, అది ఏల అట్లున్నదో శ్రోతలకు విన్నవించెదను.

పంటు అనగా నేమో ముందు చెప్పవలయును. కృష్ణానది మీద బల్లకట్టు అను దానికి గోదావరి సీమలో పంటు అని పేరు. రెండు పడవలను జతచేసి, వాటిమీద అడ్డముగా దూలములు బిగించి, బల్లలు పరచుట పూర్వపు పద్ధతి. ఇప్పటి పంటులు ఇనుముతో చేసినవి, యంత్రముతో నడచునవి. నావవలె లోతైన కడుపు దీనికి లేదు. వెడల్పు ఎక్కువ, నీటిలో మునుగు లోతు తక్కువ. బరువు విశాలముగా పరచుకొనుట చేత నీరు పలుచగానున్న చోట కూడ ఇది తేలిపోగలదు. కారు, ఎడ్లబండి, మోటారు సైకిళ్ళు, కొబ్బరి బస్తాలు, పెండ్లివారు, అందరును ఒకే బల్లమీద నిలిచి పోవుదురు. కులాసాగా కూర్చుండు తావు వెదకుకొనరాదు.

ఇక ఆ నేల సంగతి. గోదావరి త్ర్యంబకము వద్ద పుట్టి 1465 కిలోమీటరులు ప్రవహించి, ధవళేశ్వరము దాటిన పిమ్మట చీలును. తూర్పున పోవునది గౌతమి, పడమట పోవునది వసిష్ఠ. వసిష్ఠ నుండి నడిమిభాగమున వైనతేయ యను మరియొక పాయ విడిపోయి తానును వేరుగా సముద్రమును చేరును. గౌతమికిని వసిష్ఠకును నడుమ, దిగువను సముద్రమే హద్దుగా, ముక్కోణపు ఆకృతిలో నున్న సీమయే కోనసీమ. మూడు ప్రక్కలను నీరు, లోపలను కాలువలు. 2022 వ సంవత్సరమున ఇది అమలాపురము ముఖ్యపట్టణముగా ప్రత్యేక జిల్లా అయినది. అంతకు పూర్వము ఎన్నో తరములుగా ఇక్కడివారు జిల్లా కచేరీ పనికి కాకినాడకు పోవలెనన్నను గౌతమిని దాటవలసినవారే.

ఇట్టి చోట రోడ్లు ఆలస్యముగా వచ్చుటకు ఒక కారణము కలదు. ఆర్థర్ కాటను దొర 1847 లో మొదలిడి 1852 నాటికి ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీరిచ్చుటకు మాత్రమే త్రవ్వినవి కావు. పడవలు నడచుటకును త్రవ్వినవి. నీటిమట్టము మారుచోట్ల లాకులు కట్టిరి. పడవ లాకులోనికి వచ్చి నిలిచిన తరువాత తలుపులు మూసి, నీరు నింపియో విడిచియో దానిని పై మట్టమునకో క్రింది మట్టమునకో చేర్చుదురు. ధాన్యము, కొబ్బరి, కలప, మనుష్యులు, సమస్తమును ఈ దారినే పోయినవి. ఇంటి ముందరకు పడవ వచ్చుచుండగా రోడ్డు వేయుమని గట్టిగా అడుగువారెవరు? కాలువ గట్టుమీద మనుష్యులు నడచిన దారియే రానురాను బండిబాట అయినది, బండిబాటయే నేడు తారు రోడ్డు అయినది. కావుననే కోనసీమలో కారు నడుపువానికి ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క కొబ్బరితోట, నడుమ ఎదురుబండికి తావీయవలసిన సన్నని బాట. కాలువ మలుపు తిరిగినచోట బాటయు మలుపు తిరుగును. కోతల కాలమున బాటమీదనే ధాన్యము ఆరబోయుదురు. తొందరపడువారికి ఇది తగిన దేశము కాదు. తొందరలేనివారికి నేను చూచినంతలో ఇంతకన్న చక్కని దారి తెలుగునాట లేదు.

కాలువ ఏటిని దాటవలసి వచ్చినపుడు ఇంజనీరులు చేసిన పని గన్నవరము వద్ద చూడవచ్చును. అచ్చట వైనతేయ మీదుగా కాలువనే వంతెన మీద నడపిరి. క్రింద నది, పైన కాలువ. 49 కమానులతో కట్టిన ఆ పాత అక్విడక్టు 1850 ప్రాంతపు పని. దాని ప్రక్కన తరువాతి కాలమున కట్టిన క్రొత్త అక్విడక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఈ పేరు పెట్టుట నాకు మిక్కిలి సబబుగా తోచినది. 1909 లో పరమపదించిన ఆ ఇల్లాలు లంకల గన్నవరమున వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు అన్నము వండి పెట్టుటచేతనే దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. బాటసారులు ఆ మారుమూల లంక గ్రామమునకు అంతమంది ఏల వచ్చిరి? రేవు ఉండుట చేతనే. ఏరు దాటవలసినవాడు చీకటి పడినను, వరద వచ్చినను, పడవ అవతలి గట్టున నున్నను, ఆగక తప్పదు. ఆగినవానికి ఆకలి వేయక తప్పదు. రేవు ఉన్నచోట అన్నము పెట్టు చేయి ఉండవలెనని ఆమె ఎరిగినది.

కాకినాడ నుండి వచ్చువారు నేడు రెండు దారులలో ఒకటి ఎన్నుకొనవచ్చును. యానాము వద్ద ఎదుర్లంక వంతెన మీదుగా పోవుట మొదటిది. యానాము 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో నుండినది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగము. పన్నులలో భేదముండుట వలన పెట్రోలు పోయించుకొనుటకు అచ్చట ఆగు కారులును తక్కువ కావు. 2002 లో ప్రారంభమైన ఆ వంతెనకు బాలయోగిగారి పేరు పెట్టిరి. ఇది సులభమైన దారి. ఐదు నిమిషములలో గౌతమిని దాటుదుము. దాటితిమన్న జ్ఞాపకమైనను మిగులదు.

రెండవది ద్రాక్షారామము మీదుగా కోటిపల్లి రేవునకు పోయి, పంటు మీద ముక్తేశ్వరము చేరుట. కోటిపల్లికి 1928 లోనే కాకినాడ నుండి రైలు వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పట్టాలు పెరికి తీసికొనిపోయిరి. 2004 లో గాని ఆ దారిన మరల రైలు నడువలేదు. ఆ రైలును అమలాపురము మీదుగా నరసాపురము వరకు పొడిగించు పనిలో భాగముగా గౌతమిలో స్తంభములు లేచినవి. పంటు మీద నిలిచి ఆ స్తంభముల వరుసను చూచుచు పోవుట ఒక వింత అనుభవము. వేసవిలో ఇసుకమేటలు పైకి తేలినపుడు పంటు తిన్ననిగీత వలె పోజాలదు. నీరున్న దారిని వెదకుకొనుచు వంకరగా పోవును. ఎదుటి రేవు ఒకమారు దగ్గరగను, ఒకమారు దూరముగను కనబడుచుండును.

అమలాపురము నుండి రాజోలు వైపు పోవు దారిలో పాశర్లపూడి తగులును. 1995 జనవరిలో ఇచ్చట గ్యాసు కొరకు త్రవ్వుచున్న బావి ఎగదన్ని అంటుకొని, రెండు నెలలకు పైగా మండినది. ఆ మరుసటి యేడు, 1996 నవంబరు 6 వ తేదీన, పెను తుఫాను ఈ తీరమును తాకి వేయిమందికి పైగా ప్రాణములను బలిగొన్నది. కొబ్బరితోటలు తోటలుగా నేలకొరగినవి. ఆ కొబ్బరిచెట్లలో తల విరిగినవి మరల చిగురింపలేదు. ఇప్పుడు మనకు కనబడు నిండు తోటలలో చాలభాగము ఆ తరువాత నాటినవే. ప్రశాంతమైన సీమయని పైనుండి వచ్చినవారు అందురు; నేనును అందును. ఆ ప్రశాంతత వెనుక ఇవన్నియు ఉన్నవి.

రాజోలు దాటి మలికిపురము మీదుగా తీరమునకు పోవుకొలది గాలి మారును. వరిచేలు తగ్గి, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, సరుగుడుతోటలు, ఇసుకనేలలు ఎదురగును. చివర అంతర్వేది. వసిష్ఠ సముద్రములో కలియుచోటు. లక్ష్మీనరసింహస్వామి ఆలయము, దానికి కొంత దూరమున దీపస్తంభము, ఆవల సంగమము. 2020 సెప్టెంబరులో అగ్నికి ఆహుతియైన స్వామి రథమునకు బదులు మరుసటి యేడే క్రొత్త రథము చేయించిరి. మాఘమాసమున భీష్మైకాదశి నాటి ఉత్సవమునకు జనులు వేలకొలదిగా వచ్చెదరు. అందు పెక్కుమంది నరసాపురము వైపు నుండి ఏరు దాటి వచ్చువారే. ఆ దినములలో కారుతో పంటు ఎక్కవలెనని తలపెట్టకుండుట మంచిది.

అంతర్వేది నుండి వెనుకకు వచ్చి సఖినేటిపల్లి రేవు చేరినచో ఎదుట నరసాపురము. వసిష్ఠ ఇక్కడ సముద్రమునకు దగ్గర యగుటచే నదియు సముద్రమును ఇద్దరును దీనిమీద అధికారము చెలాయింతురు. సముద్రపు పోటు ఏటిలోనికి ఎగబ్రాకును. పాటు వచ్చినపుడు నీరు దిగిపోవును. దినమునకు రెండు పోటులు, రెండు పాటులు. చంద్రుని గతిని బట్టి అవి ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషములు వెనుకబడుచుండును. కావున నిన్న ఉదయము 8 గంటలకు నిండుగానున్న రేవు నేడు అదే వేళకు అట్లే యుండునని నమ్మరాదు. పున్నమికిని అమావాస్యకును ఈ ఎచ్చుతగ్గులు అధికము.

దీనివలన కారు వారికి ఏమి కష్టమో వినుడు. పోటు మీద నీరు నిండుగానున్నపుడు పంటును గట్టును కలుపు బల్ల ఇంచుమించు సమముగా నుండును. పాటు తీసినపుడు పంటు క్రిందికి దిగిపోవును. గట్టు మాత్రము ఉన్నచోటనే యుండును. అప్పుడు బాట నిటారుగా నగును, బురద తేలును. అడుగు ఎత్తు తక్కువగల కారునకు కడుపు రాచుకొనును. అంతే కాదు. ముందు చక్రములు బల్లమీద మోపగానే పంటు ఆ ప్రక్కకు క్రుంగి, గట్టును విడిచి వెనుకకు జరుగజూచును. దానిని ఆపుటకై ఒక ప్రక్క మోకులు బిగించి పట్టెదరు, వేరొక ప్రక్క యంత్రముతో పంటును గట్టుకు అదిమి ఉంచెదరు. ఆ సమయమున కారు నడుపువాడు సందేహించి నడుమ నిలుపరాదు, దూకింపనురాదు. మెల్లగా, ఒకే వేగముతో, ఎదుట నిలిచి చేయి చూపు కళాసీ మీదనే కన్నుంచి పోవలయును. కారులోని తక్కినవారు ముందే దిగి నడచి ఎక్కవలయును. పైకి చేరిన తరువాత గేరులో ఉంచి, చేతిబ్రేకు లాగి, చక్రముల క్రింద దిమ్మలు పెట్టించుకొని, కారులో కూర్చుండక బయటకు వచ్చి నిలువవలయును. బరువైన బండ్లను నడుమను, తేలికైనవానిని అంచులను నిలుపుదురు. ఎవరు ముందు వచ్చిరి అను తగవు ఇక్కడ చెల్లదు; ఎవరు ఎంత బరువు అన్నదే లెక్క.

నేను పోయిన సాయంకాలము పాటు తీయుచుండెను. "ఆయ్, నీరు లాగేస్తోందండి. కాసేపాగితే పోటెక్కుద్ది, అప్పుడు దింపుదురుగాని లెండి" అని సరంగు నా కారు అడుగును వంగి చూచి చెప్పెను. గట్టుమీద టీ దుకాణము ముందర బల్లమీద కూర్చుంటిని. నా ప్రక్కన అంతర్వేది వైపు గ్రామమునుండి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన కూతురు కూర్చుండిరి. ఆమె నిండు నెలల మనిషి. పురుటికి ఇంకను పది దినములు గడువున్నదట. అప్పుడే ఏల పోవుచున్నారని అడిగితిని. "రేత్రి నొప్పులొస్తే పంటు ఉండదు కదండీ. అవతల మా చెల్లెలింట్లో పెట్టేసుకుంటే దిగులుండదు" అని ఆయన తాపీగా బదులు చెప్పెను. ఆ తాపీయే నన్ను ఎక్కువగా కలవరపరచినది. పది దినములు ఇల్లు విడిచి యుండుట ఆ కుటుంబమునకు ఫిర్యాదు చేయదగిన విషయముగా కూడ తోచలేదు.

పంటు లేనివేళ వేరు దారి లేకపోలేదు. దిండి వైపు పోయి, చించినాడ వంతెన మీద వసిష్ఠను దాటి, పాలకొల్లు మీదుగా నరసాపురము చేరవచ్చును. సుమారు 40 కిలోమీటరుల చుట్టు. కంటికి కనబడుచున్న ఊరికి అంత చుట్టు తిరుగుట విహారమునకు వచ్చిన నాబోటి వానికి వినోదము. నొప్పులు పడుచున్న స్త్రీకి, పాము కరచిన రైతుకు అది వేరు సంగతి. గోదావరికి వరద వచ్చినపుడు పంటు నిలిపివేయుదురు. 2022 జూలైలో ధవళేశ్వరము నుండి 25 లక్షల క్యూసెక్కులకు మించి నీరు దిగువకు పోయినపుడు లంక గ్రామములు నీట మునిగినవి. తుఫాను గాలికిని పంటు నిలుపుదురు. అనగా మనిషికి అవతలి గట్టు మిక్కిలి అవసరమైన నాడే రేవు మూతపడును.

మరి వంతెన ఏల కట్టలేదని శ్రోతలు అడుగుదురు. కోరిక క్రొత్తది కాదు. ఇచ్చట వంతెనకు శంకుస్థాపన ఒకటికి మించిన సారులే జరిగినది. పని కష్టమైనదే. డెల్టా భూమిలో పునాది ఆనుటకు రాయి చేరువలో లేదు. అంతయు నది తెచ్చిపోసిన ఒండ్రును, ఇసుకయు. స్తంభములకు బావులు లోతుగా దింపవలయును. సముద్రపు ఉప్పునీరు ఇనుమును తినివేయును. ఇవన్నియు ఖర్చును పెంచును. అయినను ఇంతే మెత్తని నేలలో యానాము వద్దను, చించినాడ వద్దను వంతెనలు నిలిచియున్నవి గదా! కష్టము అసాధ్యము కాదు. పంటు ప్రయాణమునందు నాకుగల మక్కువ ఇంతకుముందు చెప్పిన మాటలలోనే తెలిసియుండును. అయినను ఆ పెద్దాయన ప్రక్కన కూర్చున్న పిమ్మట, ఇక్కడ వంతెన రాకుండుటయే అందమని చెప్పుటకు నాకు నోరు రాదు.

రేవు నడుపు ఏర్పాటు గూర్చి ఒక మాట. నది దాటించుటకు రుసుము వసూలు చేయు హక్కు సర్కారుది. 1890 లో మదరాసు ప్రభుత్వము కాలువలకును ప్రజల రేవులకును కలిపి ఒక శాసనము చేసినది. స్థానిక పంచాయతీ సంస్థలు రేవును పాట పెట్టుదురు. ఎక్కువ పాడినవాడు ఆ గడువు వరకు పంటు నడుపుకొని రుసుము పుచ్చుకొనును. ఈ పద్ధతిలో ఒక చిక్కు కలదు. పాటదారునకు ఖర్చు రాబట్టుకొనుటయే ముఖ్యము. జనము తక్కువగానున్న వేళ పంటు కదలించుట వానికి నష్టము. అందుచేతనే బండ్లు నిండువరకు ఆగుట. రాత్రివేళ ఎవరో ఒకరి కొరకు ఒక పంటును, ఒక సరంగును సిద్ధముగా నుంచవలెనన్న షరతు పాటలోనే చేర్చినచో, వంతెన వచ్చువరకైనను కొంత ఊరట కలుగును. దానివలన పాట సొమ్ము కొంత తగ్గును. తగ్గవలసినదే.

పోటు ఎక్కెను. కారు దింపిరి. ఎదురుగాలికి నీరు బల్లమీద చిందుచుండగా పంటు ముందు ఎగువకు పోయి, తరువాత నడిమి ధారలో జారుచు, నరసాపురపు గట్టును ఏటవాలుగా చేరెను. తిన్నగా పోయినచో ప్రవాహము దానిని రేవునకు దిగువను చేర్చును గనుక సరంగులు ముందే ఆ లెక్క కట్టుకొందురు. ఆ అమ్మాయిని తండ్రి చేయి పట్టుకొని దింపెను. ఆమె కొరకు మేనత్త గట్టుమీద రిక్షాతో కాచుకొని యుండెను.

నరసాపురము పాత రేవుపట్టణము. డచ్చివారు ఇక్కడ వర్తకశాల పెట్టుకొనిరి. ఊరి చెంతనున్న మాధవాయిపాలెమున ఇంగ్లీషువారు పెట్టుకొనిరి. ఆ పాలెము పేరే వారి నోట మడపొల్లమై, ఒక విధమైన తెల్లని నూలుబట్టకు లోకమంతటను పేరైనది. ఈ ప్రాంతపు స్త్రీలు చేతికొక్కెముతో అల్లు లేసుకు 2024 లో భౌగోళిక గుర్తింపు లభించినది. చూడదగినవారు ఒక పూట నిలిచి చూడవచ్చును. ఆ రాత్రికే సఖినేటిపల్లికి తిరిగిపోవలెనన్నవారు మాత్రము గట్టు ఎక్కకమునుపే కడపటి పంటు ఎప్పుడని సరంగునే అడిగి తెలిసికొనవలయును. గట్టుమీద దుకాణదారులు చెప్పు వేళలు ఒకరి మాటకు ఒకరి మాట పొసగవు.